నలభై ఒకటో నంబరు జవాబు

ఆ ఆదివారం పొద్దున్న సనాకు టీ రాలేదు.

కమరున్నీసా ఇంట్లో అది చిన్న సంగతి కాదు. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాళ్ళకూ, అడ్రసు తెలియక తలుపు తట్టినవాళ్ళకూ కూడా అక్కడ టీ దొరుకుతుంది. అలాంటిది, తాడేపల్లిగూడెం అత్తవారింటి నుంచి మొదటి బస్సుకు వచ్చిన కన్నకూతురు గంటసేపు హాల్లో కూర్చున్నా వంటింట్లో గిన్నె చప్పుడు కాలేదంటే, యుద్ధం ప్రకటించినట్టే.

"ఎల్లుండి అబ్బాకి ఆ ఆపరేషన్ వద్దమ్మీ," అంది సనా, మూడోసారి.

"రెండుసార్లు విన్నాను. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. లేక చెవులకి కూడా మీ బీమావాళ్ళు డబ్బు ఆపేశారా?"

ఎవరి ఆపరేషన్ గురించి ఇంత గొడవో ఆ సిరాజుద్దీన్ కిటికీ పక్కన పేపరు వెనకాల ఉన్నాడు. ఆ పేపరు శనివారానిది. తల్లీ కూతుళ్ళు మాటకు మాట పెంచినప్పుడల్లా ఆయన ఒక పేజీ తిప్పుతున్నాడు.

అద్దం ముందు తల దువ్వుకుంటున్న సనా అన్న నదీమ్ ఇటు తిరిగాడు. "ఏడాది కిందట కుడి మోకాలు చేయించింది నేను. ఎడమది చేయిస్తున్నదీ నేనే. నడవలేని మనిషి ఇవాళ ఐదు పూటలా మసీదుకు నడిచి వెళ్తున్నాడు. నువ్వొచ్చి వద్దంటావేంటి? డాక్టరువైతే అయ్యావు గానీ, ఇంట్లో మనిషిని చూడ్డం రాదు నీకు."

నదీమ్ ఊళ్ళోని ఒక ప్రైవేటు కీళ్ళ ఆసుపత్రిలో ప్రభుత్వ బీమా కార్డుల కౌంటరు చూస్తాడు. కార్డు ఉన్నవాళ్ళకు వైద్యం ఉచితం. ఆసుపత్రికి డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. ఏ వైద్యానికి ఇవ్వాలి, దేనికి మానేయాలి అన్నది ఇకముందు ఫలితం చూసి తేల్చాలని బీమావాళ్ళు డాక్టర్లతో ఒక బృందం వేశారు. ఆ బృందంలో సనా ఉంది. ఆమెకు అప్పగించింది మోకాళ్ళు.

"భయ్యా, కోపం తెచ్చుకోకుండా విను. మోకాలికి రెండు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల అరిగిన పొడి కడిగేస్తారు. అంతేగా? అరుగుదల నొప్పికి అది పనిచేయదు. బయట దేశాల్లో పరీక్ష చేసి చూశారు. సగంమందికి నిజంగా కడిగారు. మిగతా సగానికి ఊరికే చర్మం మీద గాటు పెట్టి కుట్టేశారు. రెండేళ్ళ తర్వాత చూస్తే రెండు సగాలవాళ్ళ నొప్పీ ఒక్కలాగే ఉంది."

"చింపకుండానే కుట్టారా?" అంది కమరున్నీసా వంటింటి గుమ్మంలోంచి. "మన గౌసు దర్జీ కూడా అంతే. కొలతలు తీసుకుంటాడు, పాత జాకెట్టే తిరిగిచ్చేస్తాడు."

"నవ్వొస్తోందా అమ్మీ? ఆ డబ్బుతో ఎంతమందికి పద్ధతిగా వ్యాయామం చేయించొచ్చో తెలుసా? మరీ అరిగిపోయినవాళ్ళకి కీలే మార్చొచ్చు. రేపు సాయంత్రం లోపు నా నివేదిక పంపాలి."

"అయితే పంపు. మీ నాన్న మోకాలు బాగుపడిందని కూడా రాసి పంపు."

"అది నువ్వు ఇదివరకే రాయించావు." సనా సంచిలోంచి కాగితాలు తీసింది. "ఆపరేషనై ఏడాదికి దగ్గరపడ్డవాళ్ళకి మావాళ్ళు ఫోన్ చేసి అడిగారు. పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. విను. నలభై ఒకటో నంబరు. వయసు అరవై ఏడు. కుడి మోకాలు. ఎలా ఉందండీ అంటే, చాలా బాగుందండీ, అంతా మీ దయ అన్నారు. జవాబు చెప్పింది భార్య. ఇతర వివరాలు: ఫోన్ చేసిన అమ్మాయికి పెళ్ళయిందా అని అడిగారు. ఈద్‌కి భోజనానికి రమ్మన్నారు."

పేపరు కొంచెం కదిలింది. వెనకాల నవ్వో దగ్గో తెలియలేదు.

"పిలిస్తే తప్పా?" అంది కమరున్నీసా. "ఆ పిల్ల ఎంత మర్యాదగా మాట్లాడిందో! అమ్మగారూ, అమ్మగారూ అని. కన్నపిల్లలు అలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

సనా తల్లిని వదిలి తండ్రి వైపు తిరిగింది. "మీరు చెప్పండబ్బా. నొప్పి తగ్గిందా?"

"తగ్గిందనే కదా రెండోది చేయించుకుంటున్నది!" అంది కమరున్నీసా.

సిరాజుద్దీన్ పేపరు మడిచాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. "మీ అమ్మ చెప్పింది కదమ్మా," అని టోపీ పెట్టుకుని, నమాజుకు ఇంకా రెండు గంటల టైము ఉండగానే మసీదుకు బయల్దేరాడు.

గుమ్మం దిగేటప్పుడు ఆయన గోడ పట్టుకున్నాడు. కమరున్నీసా అటు చూడలేదు. ఆమె చూసింది ఆయన వెళ్ళాక ఖాళీ అయిన కిటికీ పక్క చోటుని.

అక్కడ ఒకప్పుడు తివాచీల మగ్గం ఉండేది.

పదిహేడేళ్ళకు ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు హాలంతా మగ్గమే, మనుషులు దాని చుట్టూ సర్దుకునేవారు. తెల్లవారక ముందే సిరాజుద్దీన్ మగ్గం ముందున్న బల్ల మీదికి ఎక్కి మోకాళ్ళు మడిచి కూర్చునేవాడు. ఒక్కో ముడీ వేసి, కోసి, ఇనప దువ్వెనతో కిందికి దిగ్గొట్టేవాడు. ఆ దువ్వెన చప్పుడు వీధి వీధంతా ఉండేది. ఏ ఇంట్లో ఆగితే ఆ ఇంట్లో ఏదో జరిగిందని ఇరుగు పొరుగు పరిగెత్తుకొచ్చేవారు. ఇల్లంతా ఉన్ని నూగే, అన్నంలో కూడా. ఎర్ర తివాచీ నేస్తున్న నెలల్లో ఇంట్లో అందరి తుమ్ములూ ఎర్రగానే ఉండేవని ఆమె ఇప్పటికీ చెప్తుంది.

గొంతుక్కూర్చుని ఆరేసి గంటలు లేచేవాడు కాదు. ఆ మోకాళ్ళకు అలుపు ఉంటుందని కూడా అప్పుడు ఎవరికీ తోచలేదు.

"నూట పన్నెండు మందిని అడిగాం," అంది సనా వెనక నుంచి, గొంతు తగ్గించి. "నూట మూడు మంది బాగుందండీ అన్నారు. ప్రపంచంలో ఎక్కడా పనిచేయని వైద్యం మన ఏలూరు జిల్లాలో మాత్రం అందరికీ పనిచేసింది. నాకు నమ్మకం కుదరట్లేదమ్మీ. ఎదురుగా కూర్చుని ఒక్కళ్ళనైనా అడిగి చూడాలి. కైకలూరు పక్కన దేవకుమారి పిన్ని ఉంది కదా, ఆవిడా చేయించుకుంది. నువ్వు వస్తే మనసు విప్పి మాట్లాడుతుంది."

"వస్తాను," అంది కమరున్నీసా. "నీకు సాయానికి కాదు. నువ్వు ఓడిపోతుంటే దగ్గరుండి చూడ్డానికి."

అప్పుడు టీ పెట్టింది.

* * *

కైకలూరు బస్సులో కిటికీ పక్క సీటు కోసం తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోకుండానే పోటీ పడ్డారు. తల్లి గెలిచింది.

దారి పొడుగునా చెరువులే. నీళ్ళల్లో గాలి చక్రాలు గిరగిరా తిరుగుతూ నురగలు రేపుతున్నాయి. ఐసు లారీలు, మేత బస్తాల దుకాణాలు, రొయ్యల ధర ఫోన్లో అరుస్తున్న మనుషులు. పెళ్ళయిన కొత్తలో ఇదే దారిన వస్తే, కొంత దూరం పోయాక రోడ్డు ఆగిపోయేది. అక్కణ్ణించి పడవ. ఎవరో మోతుబరి తివాచీ చేయించుకుంటే, దాన్ని చుట్ట చుట్టి పడవలో అడ్డంగా పెట్టి, ఆ చుట్ట మీద కొత్త పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టాడు సిరాజుద్దీన్. తను మాత్రం పడవ అంచున గొంతుక్కూర్చుని, తామరాకుల మధ్య నీళ్ళల్లో చెయ్యి ఆడిస్తూ, "కొల్లేరులో పడితే నిన్ను తీస్తానో, తివాచీని తీస్తానో ఇప్పుడే చెప్పలేను," అన్నాడు. ఆమె మూడు రోజులు అలిగింది. నాలుగో రోజు తివాచీ ఖరీదెంతో తెలిశాక క్షమించేసింది.

దేవకుమారి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. చర్చి నుంచి అప్పుడే వచ్చింది కాబోలు, ఇంకా తెల్ల చీరలోనే ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఎండు రొయ్యల బుట్ట నెత్తిన పెట్టుకుని నెలకు రెండుసార్లు ఏలూరు వచ్చేది. బుట్ట ఖాళీ అయ్యాక మగ్గం పక్కన చేరి, తెగిన ఉన్ని ముక్కలు అడిగి పట్టుకెళ్ళి పిల్లల తలగడల్లో కుక్కేది. అప్పటి స్నేహం.

"అక్కగారూ! ఎన్నాళ్ళకండీ! ముందు భోంచేయండి, తర్వాతే మాటలు."

"పిన్నీ, మోకాలు ఎలా ఉంది?" అంది సనా, కాగితం తీసి.

"బాగుందమ్మా. మీ అన్నయ్య చేయించాడుగా. చాలా బాగుంది."

కమరున్నీసా కూతురి వైపు చూసింది. ఆ చూపులో ఊరేగింపు, మేళతాళాలు అన్నీ ఉన్నాయి.

సనా కలం మూసేసింది. భోజనాలయ్యాయి. పాత కబుర్లు మొదలయ్యాయి. ఎవరు పోయారు, ఎవరి పిల్లలు ఎక్కడ ఉన్నారు, కొల్లేరు మీద కొంగలు వచ్చే రోజుల్లో మొత్తం ఊరికి ఆ అరుపులతో నిద్రే పట్టేది కాదని. దేవకుమారికి పాటలంటే ప్రాణమని కమరున్నీసాకు గుర్తొచ్చింది.

"ఇప్పటికీ చర్చిలో ముందు వరస చాప నీదేనా? పాదిరిగారు పాట ఎత్తుకోకముందే నువ్వు ఎత్తుకునేదానివి కదా."

"ఎక్కడి చాపండీ," అని నవ్వింది దేవకుమారి. "ఇప్పుడు వెనక బెంచీ. చాప మీద కూర్చుంటే లేవలేను. మధ్యలో ఇద్దరు పట్టుకు లేపాలి. అందరూ దేవుణ్ణి వదిలేసి నన్ను చూస్తారు."

"మరి రొయ్యలు వలిచే షెడ్డుకి?"

"వెళ్ళట్లేదు. ఆరు నెలలైంది. అక్కడ గొంతుక్కూర్చోవాలిగా."

పెరట్లో కోడి ఒకటి ఏదో ఫిర్యాదు చేస్తూ పోయింది.

"మరి ఇందాక బాగుందన్నావేంటి దేవకుమారీ?"

"ఏమనమంటారు అక్కగారూ?" ఆమె చెంగు వేలికి చుట్టుకుంది. "ఫోన్ చేసిన పిల్ల అంత మర్యాదగా అడిగితే బాగాలేదని ముఖం మీద ఎలా చెప్తాను? ఇప్పుడు సనా అడిగింది. మీ నదీమ్ బాబు దగ్గరుండి చేయించాడు. బాగాలేదంటే ఆ అబ్బాయిని అన్నట్టు ఉండదూ? అదీ గాక..." ఆగింది.

"చెప్పు."

"వాళ్ళ నాన్నగారికి చేయిస్తే పరిగెడుతున్నారని చెప్పాడండీ. అంత పెద్దాయనకి తగ్గింది, నాకు తగ్గలేదంటే లోపం నాలోనే ఉంది అనుకున్నాను. డాక్టరుగారు చెప్పినట్టు చేయలేదేమో, ఏదో తినకూడనిది తిన్నానేమో అని. రెండో కాలికి కూడా రమ్మంటున్నారు. ఈసారైనా సరిగ్గా ఉందామని చూస్తున్నాను."

సనా కాగితం మీద ఏమీ రాయలేదు. తల్లి వైపు కూడా చూడలేదు. గెలిచినవాళ్ళ ముఖంలా లేదు ఆ ముఖం.

తిరుగు బస్సులో కమరున్నీసా కిటికీ పక్క సీటు కూతురికి ఇచ్చేసింది. ఆమె కళ్ళ ముందు చెరువులు లేవు. ఒకే ఒక్క లెక్క తిరుగుతోంది. పెళ్ళయిన నలభై మూడేళ్ళలో ఆయన మసీదుకు వెళ్ళింది శుక్రవారాలే. మిగతావన్నీ మగ్గం పక్కనే, ఇంట్లోనే. ఆపరేషనైన నెలకో ఏమో, ఐదు పూటలూ మసీదు మొదలైంది. మోకాలు బాగుపడ్డ కృతజ్ఞత అనుకుంది ఆమె. వీధిలో అందరికీ చెప్పుకుంది. ఫోన్ చేసిన పిల్లకూ చెప్పింది.

ఇంట్లో నమాజు చేస్తే ఆమె చూస్తుంది. మసీదులో ఆయన ఏ వరసలో, ఎలా కూర్చుంటాడో ఆమెకు ఎలా తెలుస్తుంది?

"అమ్మీ, ఏంటి ఆలోచిస్తున్నావు?"

"ఏం లేదు. వెనక బెంచీ గురించి."

* * *

వాళ్ళు ఇల్లు చేరేసరికి పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు వేళ దగ్గరపడింది. సిరాజుద్దీన్ టోపీ చేతిలో పట్టుకుని బయల్దేరుతున్నాడు.

కమరున్నీసా బీరువా తెరిచి నమాజుకు పరుచుకునే జానమాజు తీసింది. ఆయనే నేసినది, చిన్నది, ఆకుపచ్చది. కిటికీ పక్కన, మగ్గం ఉన్న చోట పరిచింది.

"ఏవండీ, ఈ పూట ఇక్కడే చేయండి."

"ఇక్కడా? ఎందుకు?"

"చూడాలనిపించింది. మగ్గం ఉన్న రోజుల్లో ఇక్కడే చేసేవారు కదా."

"అక్కడ అందరితో కలిసి చేస్తే ఎక్కువ పుణ్యం."

"ఎక్కువ పుణ్యం రేపు తెచ్చుకోండి. ఇవాళ కొంచెంతో సర్దుకుందాం."

ఆయన నవ్వలేదు. జానమాజు వైపు చూశాడు. అది ఇంటి నేల మీద కాక ఏ బావి అడుగునో ఉన్నట్టు చూశాడు. ఒక చెయ్యి గోడకు ఆనించాడు. మసీదు మైకులోంచి అజాన్ మొదలైంది, అయిపోయింది. ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె ఆయన ముఖం చూడలేదు, మోకాళ్ళు చూస్తోంది. వాటి నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

బయట బండి ఆగింది. నదీమ్ హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చాడు. "అబ్బా, ఎల్లుండి పొద్దున్న ఏడింటికల్లా ఖాళీ కడుపుతో..." గోడ పట్టుకుని నిలబడ్డ తండ్రినీ, నేల మీది జానమాజునీ చూసి ఆగిపోయాడు.

సనా కాగితం తీసింది. "అమ్మీ, నలభై ఒకటో నంబరు మళ్ళీ అడుగుతాను. నువ్వు చెప్పిందే రాస్తాను."

"అడుగు."

"మీ ఆయనకు మోకాలు ఎలా ఉందండీ?"

నలభై మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఆయన తరఫున జవాబు ఆమెదే. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే ఆమె చెప్పేది. చొక్కా కొలత ఆమె చెప్పేది. సనా సంబంధం ఆయనకు నచ్చిందని కూడా ఆమే చెప్పింది. ఇప్పుడూ నోరు తెరిచింది.

"నేను అప్పుడు చెప్పింది..."

"ఆవిడ్ని కాదమ్మా," అన్నాడు సిరాజుద్దీన్. "మోకాలు నాది. నన్నడుగు."

సనా ఈసారి ఎలా ఉంది అని అడగలేదు. ఆ మధ్యాహ్నమే ఆ ప్రశ్న ఎంత పనికిమాలినదో నేర్చుకుంది.

"మసీదులో ఎక్కడ కూర్చుంటారబ్బా?"

"వెనక వరసలో. కుర్చీలో. నుదురు నేలకి ఆనించలేను, సజ్దా ముందుకు వంగి అక్కడే." ఆయన గోడ వదలకుండా చెప్పాడు. "మూడు వారాలు బాగుందమ్మా, అబద్ధం ఎందుకు. తర్వాత మళ్ళీ మామూలే. ఎడమదీ కుడిదీ ఇప్పుడు ఒక్కటే."

"నాతో ఎందుకు చెప్పలేదండీ?" అంది కమరున్నీసా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"నువ్వు అడగలేదు. వీధంతటికీ చెప్పావు, నన్ను మాత్రం అడగలేదు." ఆ మాటలో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. "ఆ రోజు ఫోన్లో నువ్వు చెప్తుంటే పక్కనే ఉన్నాను. మగ్గం అమ్మేశాక నువ్వు అంత సంబరంగా మాట్లాడ్డం వినలేదు. మధ్యలో ఏమని అడ్డు తగలను? అంత చెప్పాక రెండోది వద్దంటే మొదటిది ఏమైనట్టు?"

"నేను అందరికీ మీ పేరే చెప్పాను," అన్నాడు నదీమ్ మెల్లగా. "కౌంటరు దగ్గర భయపడేవాళ్ళకి. మా నాన్నకే చేయించాను, మీకేం భయం లేదని."

"ఎంతమందికిరా?" అన్నాడు సిరాజుద్దీన్.

నదీమ్ హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

కమరున్నీసా దేవకుమారి మాట చెప్పింది. ఆమె ఎప్పుడూ ఏ మాటనైనా కాస్త ఉప్పూ కారం కలిపి చెప్తుంది. ఇది మాత్రం విన్నది విన్నట్టే చెప్పింది. వెనక బెంచీ. ఆరు నెలలుగా పని మానేయడం. లోపం నాదే అనుకున్నానండీ అనడం.

సిరాజుద్దీన్ చూపు జానమాజు ముడుల మీద ఆగింది. తివాచీలో తప్పు ముడి పడితే ఆయన ఇలాగే ఆగేవాడు. ఒక్క ముడే కదా, ఎవరు చూస్తారు అని ఆమె అనేది. మూడు రోజుల నేత విప్పేసేవాడు.

"ఎల్లుండి ఏడింటికల్లా వస్తానురా," అన్నాడు కొడుకుతో. "కడుపు నిండా తినే వస్తాను. ఆపరేషన్‌కి కాదు. నీ కౌంటరు పక్కన కూర్చుంటాను. నా పేరు విని వచ్చినవాళ్ళు ఉంటారుగా, వాళ్ళు నన్నే అడుగుతారు."

"అబ్బా, అక్కడ నా ఉద్యోగం..."

"తెలుసు."

సనా కలం నలభై ఒకటో గడి మీద ఆగి ఉంది. రాయాలో వద్దో అనే ప్రశ్నకు జవాబు అన్న ముఖంలో వెతుకుతోంది. నదీమ్ చెల్లెల్ని చూడలేదు, తల్లిని చూశాడు. చిన్నప్పటి నుంచీ ఎప్పుడు ఇరుక్కున్నా ఆమే కదా వాడి తరఫున మాట్లాడేది.

కమరున్నీసా పెదవులు కదిలాయి. మాట రాలేదు. రానివ్వలేదు.

నదీమ్ తీసిన హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని గుమ్మం దాటాడు. లోపల ముగ్గురూ బండి చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డారు.

నదీమ్ బండి స్టార్టు చేయలేదు. అడుగుల చప్పుడు కూడా వెనక్కి రాలేదు.